పిల్లులు లేని చేపల పాళెం

నెల్లూరు నుంచి విడవలూరు మీదుగా సముద్రానికి ఎలా వెళ్ళాలని ఈమధ్య కొందరు నన్ను అడుగుతున్నారు. నాకేదో ఆ తీరమంతా కొట్టినపిండి అనుకుంటున్నట్టున్నారు. ఆ దారిన నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ అరవైల్లో, నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు. భుజాన ఒక గుడ్డసంచీ, అందులో వరిగడ్డి చుట్టిన పన్నెండు గాజు సీసాలు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. బస్సు వేళలకు, టిక్కెట్టు ధరలకు నన్ను నమ్ముకుంటే మీరు దారిలోనే ఉండిపోతారు. కానీ అక్కడికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో మాత్రం నాకు బాగా తెలుసు. అది చెప్పడానికే ఇంత సొద.

అప్పట్లో మద్రాసులో ఒక ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. ఏం పనమ్మా అని ఎవరైనా అడిగితే, ఎలుకలకు అన్నం పెడతానని చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు. నేను చెప్పింది అక్షరాలా నిజం. పురుగుల మందులు, తిండిలో వేసే రంగులు, ఇలా మనిషి ఒంట్లోకి చేరే కొత్త సరుకు ఏది వచ్చినా అది చెరుపు చేస్తుందా లేదా తేల్చడం అక్కడి పని. ఎలుకలను నాలుగు గుంపులు చేస్తాం. ఒక గుంపుకు ఉత్త తిండి. రెండో గుంపు తిండిలో మందు కొంచెం, మూడోదాంట్లో ఇంకొంచెం, నాలుగోదాంట్లో బాగా. అలా రెండేళ్ళు పెడతాం. వారం వారం తూకం వేస్తాం. చివర అన్నిటినీ చంపి కాలేయాలు, మూత్రపిండాలు పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాం. ఏ మోతాదు దగ్గర ఏ చెడూ కనబడలేదో దాన్ని వందతో భాగిస్తాం. ఎలుకకూ మనిషికీ తేడా ఉంటుంది కనుక ఒక పదింతలు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కనుక, పసిబిడ్డ, ముసలి, చూలాలు అందరూ ఒకటి కాదు కనుక, ఇంకో పదింతలు. ఆ వందో వంతు మనిషికి ఫరవాలేదంటాం.

ఉత్త తిండి గుంపులో పదిహేడో నంబరు ఎలుక ఒకటి ఉండేది. నా చెప్పుల చప్పుడు వినగానే లేచి బోను కమ్మీలు పట్టుకుని నిలబడేది. నవ్వకండి. హాస్టల్లో నా గదికి నేనొక్కదాన్నే, ఆదివారం చర్చిలో బల్ల చివర నేనొక్కదాన్నే. పొద్దుట నుంచి పడుకునేదాకా నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేని రోజులు ఎన్నో ఉండేవి. అలాంటి రోజున ఒక ఎలుక లేచి నిలబడితే ఎంత బాగుంటుందో మీకు తెలియదు.

ఒకరోజు మా పెద్ద డాక్టరుగారు బజారులో కొన్న ఎండు నెత్తళ్ళ పొట్లం తెచ్చి, కిటికీ పక్క బల్లమీద విప్పి పెట్టారు. కిటికీ బార్లా తెరిచి ఉంది, కింద సందులో చెత్తకుండీ. “ఇక్కడ ఏం తక్కువైందో చెప్పు, గ్రేస్” అన్నారు. కాసేపు చూశాను. ఈగలు తక్కువయ్యాయి. ఒక్కటంటే ఒక్క ఈగ ఆ చేపల మీద వాలలేదు. సరుకు నెల్లూరు తీరం నుంచి వచ్చిందట. “మీ ఊరే కదా. ఏం చల్లుతున్నారో, ఎంత చల్లుతున్నారో చూసి రా. మందు చల్లిన చేపా తే, ఏమీ చల్లకుండా ఎండబెట్టిన చేపా తే. అది పక్కన లేకపోతే చల్లినదాని మాట ఎవరూ నమ్మరు” అన్నారు. ఇదీ నా ప్రయాణానికి కారణం.

మద్రాసు సెంట్రల్లో మధ్యాహ్నం పాసింజరు ఎక్కితే దీపాలు పెట్టే వేళకు నెల్లూరు చేరాను. మా ఊరే, నిజమే. కానీ దిగితే వెళ్ళడానికి ఇల్లు లేదు. మా నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయనా, అమ్మా ఒకే ఏడాదిలో పోయారు, అద్దె ఇంట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. స్టేషన్లోనే ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో బల్లమీద పడుకున్నాను. పుట్టిన ఊళ్ళో వెయిటింగ్ రూములో పడుకోవడం ఎలా ఉంటుందో చెప్పనా? దోమలు మాత్రమే మనల్ని గుర్తుపడతాయి.

తెల్లవారుజామున విడవలూరు బస్సు ఎక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. పెన్న వంతెన దాటుతుండగా తెల్లారింది. మార్చి నెల కావడంతో నీళ్ళు ఒక పాయగా సన్నగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసుక. కోవూరు దాటాక రెండు పక్కలా కోసిన వరిమళ్ళు, కుప్పలు, వాటి మధ్య గట్లమీద నడిచే మనుషులు. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, “ఒంటిగానే పోతుండావా మా? తోడెవురూ లేరా?” అన్నాడు. లేరన్నాను. బస్సు బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. విడవలూరులో దిగి రెండు ఇడ్లీలు తిని ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. బండాయనా అదే ప్రశ్న. ఈసారి మా అన్న వెనకాల వస్తున్నాడని చెప్పాను. నాకు అన్న లేడు. బండి కాలువ గట్టున ఆగింది. అది సముద్రం పక్కనే దానికి సమంగా సాగే పాత పడవల కాలువ, నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవతలికి దాటించే పడవాయన గెడ వేస్తూ, “ఎవురింటికమ్మా? ఒక్కదానివే?” అన్నాడు. మా ఆయన అవతల పాళెంలో ఉన్నాడని చెప్పేశాను. అబద్ధానికి అబద్ధం పెరుగుతూ పోయింది. అక్కడినుంచి సరుగుడు తోపులో గంట నడక. ఇసుకలో చెప్పులు తీసి చేత్తో పట్టుకోండి, లేకపోతే గంటన్నర.

పాళెం చేరేసరికి పదయింది. తాటాకు గుడిసెలు రెండు వరుసలు, వాటి ముందు ఇసుకలో పరిచిన నెత్తళ్ళు, దండేలకు వేలాడదీసిన పెద్ద చేపలు, మూలన ఉప్పుతొట్లు. మగవాళ్ళంతా వలల దగ్గర ఉన్నారు. నన్ను చూడగానే ఆడవాళ్ళు మాట ఆపేశారు. ఏ పన్ను వసూలుకో వచ్చాననుకున్నట్టున్నారు. ఒక్క ఆమె మాత్రం చేపలు తిరగేస్తూనే, తల ఎత్తకుండా, “కొనేదానికొచ్చినావా, చూసేదానికొచ్చినావా?” అంది. యాభై ఏళ్ళుంటాయి. ముంజేతుల దాకా ఉప్పు పేరుకుని ఉంది. ఆమె పేరు పోలమ్మ. చూడటానికే వచ్చానన్నాను. “చూసేదానికి దుడ్లేం అక్కర్లేదులే. కూచో” అంది.

కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి అక్కడ ఏదో తక్కువైనట్టు తోచింది. సముద్రం హోరు ఉంది, కాకులు ఉన్నాయి, దూరంగా ఒక కుక్క ఉంది. ఇంత చేప ఆరబోసి ఉన్న చోట మరేదో ఉండాలి. ఎంత వెతికినా కనబడలేదు. అడిగాను, “ఈ పాళెంలో పిల్లులు లేవా అక్కా?” అని.

పోలమ్మ చేతులు ఆగిపోయాయి. అవతల కూర్చున్న ఇంకొకామె, “అమ్మోరికి కోపమొచ్చిందమ్మా. ఏడాదిలో ఒకదాని ఎనక ఒకటి అన్నీ పోయినాయి” అంది. పోలమ్మ మండిపడింది. “అమ్మోరు కాదు, ఏమీ కాదు. నా చుక్కిని చంపింది మనిషే. ఆ గుడిసెలో ఉండాది చూడు” అని పక్క గుడిసె వైపు వేలు చూపించింది. తలుపు దగ్గర ఒకామె కూర్చుని చేపలు కడుగుతోంది. ఆమెకు మాట వినబడింది. కానీ తల వంచుకునే ఉంది.

ఆమె రమణమ్మ, పోలమ్మకు తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ పోయారు. పిల్లల్లేని ఆడవాళ్ళిద్దరూ పక్కపక్క గుడిసెల్లో మిగిలారు. ఒకప్పుడు ఒకే కుండలో వండుకునేవాళ్ళట. ఏడాదిగా మాటలు లేవు. కారణం చుక్కి అనే పిల్లి.

చుక్కి అంటే ఉత్త పెంపుడు పిల్లి కాదు. ఆ పాళెంలో ఒక ఆచారం ఉంది. ఉప్పుతొట్టి తెరవగానే పైన ఉన్న మొదటి చేప పిల్లికి వెయ్యాలి. పిల్లి తింటే సరుకు మంచిది, సంతకు పోతుంది. ముక్కు తిప్పుకుంటే ఆ తొట్టి మొత్తం గుంతలో పూడ్చాల్సిందే. అన్నిటికన్నా చుక్కి నాలుక నికార్సయినదని పేరు. పొరుగు పాళేలవాళ్ళు కూడా తమ చేప తెచ్చి చుక్కి ముందు వేసి చూసుకునేవాళ్ళు. “చుక్కి ఒప్పుకున్న చేపని చెప్తే సంతలో మారు మాట ఉండేది కాదు” అంది పోలమ్మ. ఆ చుక్కి ఒకనాడు రమణమ్మ చాపమీద చేప ఎత్తుకుపోతే, “నీ నోరు పడిపోను, గిలగిలా కొట్టుకొని చస్తావే” అని ఆమె శాపనార్థాలు పెట్టింది. నాలుగు రోజులకు చుక్కి పోలమ్మ గడపలోనే వణికి వణికి, గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది. “అన్నమాట ప్రకారం విషం పెట్టింది. నేను చచ్చినా ఆ గడప తొక్కను” అంది.

మధ్యాహ్నం అన్నానికి లేపింది. వద్దంటే ఊరుకోలేదు. “ఒంటిగా కూచుని తింటా ఉండా ఏడాదిగా. ఈపొద్దన్నా ఎదురుగా ఒక మనిషిని చూస్తూ తింటాను, కూచో” అంది. మామిడికాయ వేసి వండిన ఎండుచేపల పులుసు, వేడి అన్నం. నేనూ ఎవరి ఎదురుగానైనా కూర్చుని తిని చాలా కాలమైంది. ఆబగా నాలుగు ముద్దలు తిన్నాక, ఇంత ఎండలో కూడా చేపకు పురుగు పట్టకుండా ఏం చేస్తావని మెచ్చుకోలుగా అడిగాను. పోలమ్మ మురిసిపోతూ లేచి చూరులోంచి ఒక రేకు డబ్బా తీసి మూత తీసింది. తెల్లటి పొడి. “వడ్లకు చేపలు మార్చుకునే రైతొకాయన ఇచ్చినాడు. పైరు మీద చల్లే పొడంట. రెండేళ్ళయింది, ఒక్క ఈగ వాల్తే ఒట్టు” అంది.

వాసన తగిలింది. ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి? రోజూ పొద్దున్నే త్రాసులో తూచి ఎలుకల తిండిలో కలిపే పొడి అది. డీడీటీ.

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. “ఏమ్మా, ముల్లు గుచ్చుకునిందా?” అంది పోలమ్మ. తల ఊపి మింగాను. ఒక పూట తిండితో ఏమీ కాదని నాకు లెక్క తెలుసు. లెక్క తెలిసీ మింగడానికి నాకు ఇంత సేపు పడితే, ఆమె రెండేళ్ళుగా రెండు పూటలా తింటోంది. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

అన్నం అయ్యాక చెప్పాను, అది తినేదాంట్లో వేసే పొడి కాదని, చేప కొవ్వులో, మన కొవ్వులో చేరి పేరుకుంటుందని. పోలమ్మ కస్సుమంది. “నీకెట్టా తెలుసు? తిని చూసినావా?” ఎలుకల సంగతి చెప్పాను. నాలుగు గుంపులు, తూకాలు, రెండేళ్ళు. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. “ఓసోస్, ఇంతేనా? మా చుక్కి చేసే పనే గదా! మేం పిల్లికి పెడతాం, మీరు ఎలక్కి పెడతారు” అంది. తరవాత, “అయితే ఏం కలపని తిండి తినే ఆ మొదటి గుంపును కడాకు ఇడిచిపెడతారా?” అని అడిగింది. లేదన్నాను. వాటి కాలేయం పక్కన పెట్టి చూస్తేనే మిగతావాటిలో తేడా తెలుస్తుందన్నాను. పదిహేడో నంబరు సంగతి కూడా, ఎందుకో, ఆమెకు చెప్పాను. ఎవరికీ అంతవరకు చెప్పలేదు. “అయ్యో, ఏం పాపం చేయని దాన్ని కూడానా?” అంది.

అప్పుడు వెలిగింది నాకు. మా చుక్కి చేసే పనే గదా అంది ఆమె. వణికి వణికి చచ్చింది అంది. పిల్లి ఈ పొడికి తట్టుకోలేదని, ఎలుక కంటే ముందు పిల్లి పోతుందని, దాని ఒళ్ళు వణుకుతుందని మా డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. పొడి పైనుంచి చల్లుతారు కనుక తొట్టి పైనున్న మొదటి చేప మీదే ఎక్కువ ఉంటుంది. అది ప్రతిసారీ చుక్కికే. పైగా పిల్లి పాదాలు, ఒళ్ళు నాక్కుంటుంది. మిగతా పిల్లులదీ అదే కథ. చుక్కి తన పని తాను సరిగ్గానే చేసింది. ఈ పాళెంవాళ్ళు చేసిన పొరపాటల్లా తిన్నదా లేదా అని చూసి లేచిపోవడమే. తిన్నాక ఏమైందని ఎవరూ కూర్చుని చూడలేదు. పిల్లి తిన్నది గనుక చేప మంచిదన్నారు, పిల్లి చచ్చింది గనుక మనిషి చెడ్డదన్నారు.

చెప్పెయ్యాలి. అంతే కదా? చుక్కిని చంపింది రమణమ్మ కాదు, నువ్వే, ప్రేమగా నీ చేత్తో పెట్టిన చేపే అని ఆమె ముఖం మీద చెప్పెయ్యాలి. చెప్పలేదు. ఋజువు లేకుండా మాట్లాడకూడదని నాకు నేర్పిన చదువు ఒక వంక. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన మనిషిని ఏడిపించి వెళ్ళిపోవడానికి ధైర్యం చాలకపోవడం అసలు సంగతి. నేను రాసేదాకా పొడి మాత్రం ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాను. “రాస్తావు సరే, చదివేదెవురు? ఈ వరసలో అచ్చరాలొచ్చింది దాని ఒక్కదానికే” అంది పోలమ్మ, పక్క గుడిసె వైపు చూడకుండా.

పొడి చల్లిన చేప ఆరు సీసాలు నింపుకున్నాను. పొడి లేనిది ఇంకా కావాలి. పాళెంలో పొడి చల్లనిది ఒక్క రమణమ్మేనట, కొనే ఓపిక లేక. పోలమ్మ చూస్తుండగానే అటు వెళ్ళాను. రమణమ్మ చేపలకు అక్కడక్కడ పురుగు పట్టి ఉంది. ఒక్కో చేపనూ విప్పి, కడిగి, మళ్ళీ ఉప్పు పెడుతోంది. నా సీసాలు చూసి అడక్కుండానే మంచివి ఏరి ఇచ్చింది. “అక్క అన్నం పెట్టిందా? పులుసులో మామిడికాయ ఏసిందా?” అని అడిగింది. వేసిందన్నాను. కాసేపటికి చెయ్యి ఆపి, “నేను విషం పెట్టలేదు తల్లీ. తిట్టినమాట మాత్రం నిజం. నా తిట్టే తగిలిందేమోనని నాకు నిద్రుండదు. అక్కతో ఆ మాటే అందామంటే మొగం తిప్పుకుంటాది” అని కళ్ళు ఒత్తుకుంది. తిట్టు వల్ల ఏ పిల్లీ చావదని చెప్పాను. ఆ ఒక్క ముక్కే చెప్పి, మిగతాది మింగి, నా సీసాలు సర్దుకుని వచ్చేశాను. ఆ రోజు నా మీద నాకు పుట్టినంత చిరాకు మరెప్పుడూ పుట్టలేదు.

మూడు గంటలకు బయలుదేరితే కాలువ దగ్గరకు నాలుగు దాటింది. పొద్దుటి పడవాయనే. పన్నెండు సీసాలూ నిండి సంచీ భుజాన్ని కోస్తోంది. ఆయన నా వెనక తోపు వైపు చూసి, “మీ ఆయన రాలేదా మా?” అన్నాడు. రాడని చెప్పాను. దాటించాక పది పైసలిస్తే తీసుకోలేదు.

మద్రాసులో పరీక్షలకు మూడు వారాలు పట్టింది. పోలమ్మ చేపలో పొడి మేం ఫరవాలేదనే మోతాదుకు ఎన్నో రెట్లు ఉంది. రమణమ్మ చేపలో అసలు లేదు. డాక్టరుగారు పైవాళ్ళకు నివేదిక పంపారు. నేను ఆయన బల్ల ముందు నిలబడి పిల్లి సంగతి చెప్పి, అది ఋజువు అవుతుందా అని అడిగాను. “పిల్లి శరీరం లేకుండా ఋజువెలా అవుతుందమ్మా? కానీ ఆ పొడి అంత తిన్న పిల్లి బతికిందంటే మాత్రం నేను నమ్మను” అన్నారు. నాకది చాలు.

ఆ సాయంత్రం హాస్టల్లో ఉత్తరం రాశాను. రమణమ్మ పేరు మీద పంపాను. మొదటి పక్కన ఒక్కటే వాక్యం: “రమణమ్మక్కా, పోలమ్మక్క ఎదురుగా కూర్చున్నాకే ఈ కాగితం రెండో పక్క తిప్పాలి, నామీద ఒట్టు.” రెండో పక్కన ఉన్నదంతా రాశాను. పొడి ఏమిటో, చుక్కికి ఏమైందో, తిట్టుకూ దానికీ ఎందుకు సంబంధం లేదో. చివర, “పోలమ్మక్కా, నువ్వు దాన్ని చంపలేదు. తెలియక పెట్టావు. అది చచ్చిపోయి నీకు చెప్పింది, ఆ మాట మనకు అర్థం కాలేదు” అని రాశాను. పోస్టులో వేశాక రెండు నెలలు ఏ కబురూ లేదు. పోస్టుమాన్ హాస్టలు మెట్లు ఎక్కినప్పుడల్లా నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. కమ్మీలు పట్టుకుని నిలబడే పదిహేడో నంబరుకూ నాకూ పెద్ద తేడా లేకపోయింది.

ఆఖరికి ఒక కార్డు వచ్చింది. గుండ్రటి, పిల్లల అక్షరాలు. “గ్రేసమ్మకు రమణమ్మ వ్రాయునది. ఇక్కడ మేము ఇద్దరము క్షేమము. నీ జాబు చేత బట్టుకొని మూడు దినాలు అక్క గడప ముందర నిలబడినాను. రెండు దినాలు మొగం తిప్పుకునింది. మూడోనాడు ఏందది అనింది. చదివినాను. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చినాను. తొట్లో చేపలన్నీ గుంత తవ్వి పూడ్చినాము, ఇద్దరమే తవ్వినాము. ఎలకకు పిల్లి సాక్ష్యం అంటారు, మా పిల్లికి నీ ఎలకలు సాక్ష్యం చెప్పినాయి అని అక్క అనింది. ఇప్పుడు ఒకే కుండలో వండుతా ఉండాము. పురుగు పడతా ఉండాది, పడనీలే, ఏరుకుంటా ఉండాము. విడవలూరు నుంచి ఒక కూనను తెచ్చినాము. ఇంకొక మాట అక్క అడగమంటా ఉండాది. ఏమీ కలపని ఆ పదిహేడో ఎలక బాగుండాదా? మా పేరు చెప్పి దానికి ఒక నెత్తలి పెట్టమనింది. పొడి లేనిదే.”

రెండేళ్ళ ప్రయోగం ఆ ముందు వారమే ముగిసింది. పదిహేడో నంబరును బోనులోంచి తీసింది నేనే. తియ్యబోతే అలవాటు ప్రకారం నా చేతిమీదికి తనంతట తనే ఎక్కింది. దాని కాలేయం ఏ మచ్చా లేకుండా చక్కగా ఉంది. ఆ సంగతి పుస్తకంలో నేనే రాశాను. కార్డు చదివి ఖాళీ బోనుల గదిలో చాలాసేపు కూర్చుని, జవాబు కార్డు మీద “బాగుంది. మీరు చెప్పినట్టే పెట్టాను” అని రాసి పంపాను. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన తప్పుడు ఫలితం అదొక్కటే.

తరవాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, కానీ ఆ పాళేనికి మళ్ళీ వెళ్ళలేదు. వెళితే ఆ ఎలుక సంగతి అడుగుతారని భయం. మనిషికి చెరుపు చెయ్యని మోతాదు ఎంతో లెక్క తేల్చడం నాకు బాగా వచ్చు, వందతో భాగించడం కూడా వచ్చు. ఒంటరితనానికి అలాంటి లెక్క ఏదీ నాకు దొరకలేదు. అది కొంచెం కొంచెంగా లోపల పేరుకునే సరుకే. ఏడాదిపాటు గోడకు అటొకరు, ఇటొకరు కూర్చుని తిన్న ఆ ఇద్దరిలో ఏది ఎక్కువ పేరుకుందో, పొడా, ఇదా, నేను ఇప్పటికీ చెప్పలేను. కానీ వాళ్ళను మళ్ళీ కలపడానికి ఒక చచ్చిన పిల్లి అయినా ఉంది. నాకు ఆ రోజు ఎదురుగా కూర్చుని పులుసన్నం పెట్టిన మనిషి ఉంది. ఆ విషపు ముద్ద రుచి ఇన్నేళ్ళయినా నాకు బాగానే గుర్తుంది, ఏం చేస్తాం.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎండుచేపలు కొనేముందు బేరమాడకండి, వాసన కూడా చూడకండి. నీడ చూసుకుని ఓ గంట కూర్చోండి. ఆ వరసలో పిల్లులు తిరుగుతున్నాయా, నిన్న తిరిగినవే ఈరోజూ తిరుగుతున్నాయా అని అక్కడివాళ్ళను అడగండి. తిరుగుతున్నాయంటే నిక్షేపంగా కొనుక్కోండి, వీలైతే మొదటి చేప వాటికే వెయ్యండి.